యంత్రములకు కంటికి కనపడని కంచె
జొన్నాడ పరిసర రైతులకు హద్దుకంచెను గూర్చిన పాఠము

పొలమునకు కంచె వేయుట మనకు తెలిసిన పనియే. బయటి పశువు లోనికి రాకుండ, లోని పశువు బయటికి పోకుండ కంచె కట్టుదుము. ఇపుడు ట్రాక్టరునకును, వరికోత యంత్రమునకును, నాటు యంత్రమునకును కూడ కంచె వేయవచ్చును. అయితే ఈ కంచెకు రాటలు లేవు, ముళ్లతీగ లేదు. సెల్ ఫోనులో కనబడు పటము మీద గీచిన గీతయే ఈ కంచె. యంత్రము ఆ గీత దాటినపుడు మీ ఫోనుకు కబురు వచ్చును. దీనిని జియోఫెన్సు అందురు. ఈ వ్యాసములో మనము హద్దుకంచె అని పిలుచుకొందము. ఇది యంత్రమును ఆపదు, కబురు మాత్రమే చెప్పును. పశువుల కంచెకును దీనికిని గల భేదమిదియే. దీనిని మరచి పరికరమును కొన్న రైతు నిరాశపడును.

ఒక ట్రాక్టరు ఒక్కరి షెడ్డులో నుండి ఒక్కరి పొలమునే దున్నుచున్నంతకాలము ఈ ఏర్పాటు అనవసరము. కాని డెల్టాలో నేడు యంత్రము పెక్కు చేతులలో, పెక్కు చేలలో తిరుగుచున్నది. 2022వ సంవత్సరము జూన్ 7వ తేదీన మన రాష్ట్రములో ప్రారంభమైన యంత్రసేవా పథకము క్రింద 40 శాతము రాయితీ, 50 శాతము బ్యాంకు ఋణము, 10 శాతము సభ్యుల వాటాగా ట్రాక్టర్లు, కోత యంత్రములు రైతు సంఘములకు వచ్చినవి. సొంతముగా నలుగురు కూడి కొనుక్కొన్నవారును కలరు. ఇట్టి యంత్రము అయిదుగురిదైనను తాళము ఒకరి చేతిలోనే ఉండును. వాయిదా కట్టవలసిన నెలలో అద్దె సొమ్ము తక్కువ వచ్చినచో "బండి ఎక్కడ తిరిగినది?" అను ప్రశ్న తప్పక పుట్టును. సరియైన జవాబు లేనిచో నలుగురి మధ్య మాట పెరుగును.

జొన్నాడ సంగతి చూడుడు. ఊరు గౌతమీ గోదావరి ఎడమ గట్టున ఉన్నది. ఊరి ప్రక్క నుండి 16వ నంబరు జాతీయ రహదారి వంతెన మీదుగా రావులపాలెము పోవుచున్నది. ఏటిగట్టుకు ఈవల తూర్పు డెల్టా కాలువల క్రింది వరిచేలు. గట్టుకు ఆవల లంకలు, ఇసుక మేటలు. వంతెనకు ఆవల మధ్య డెల్టా. ఉదయము షెడ్డు విడిచిన ట్రాక్టరు ఒక గంటలో ఈ మూడింటిలో దేనికైనను చేరగలదు. చేలో దమ్ము చేసినచో గంటల లెక్క. లంక నుండి అరటి, కూరగాయలు మోసినచో తోలకపు లెక్క. ఇసుక తోలినచో ఆ లెక్క వేరు, దాని అనుమతులును బాధ్యతయు వేరు. డీజిలు పుస్తకములో మాత్రము అన్నియు ఒక్క తీరుగనే కనబడును.

పరికరము పని చేయు విధము

బండికి అమర్చు పరికరమును ట్రాకర్ అందురు. అది అరచేతిలో ఇమిడిపోవును. ఉపగ్రహము మన బండిని చూచుచున్నదని కొందరు తలంతురు, అది పొరపాటు. జి.పి.యస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు తమ వేళను, తమ చోటును చాటుచుండును. ట్రాకర్ కనీసము నాలుగు ఉపగ్రహముల చాటింపు విని, ఏది ఎంత ఆలస్యముగా వినవచ్చినదో లెక్కగట్టి, తానున్న చోటును తానే తెలిసికొనును. తరువాత తనలోని సిమ్ కార్డు ద్వారా ఆ చోటును కంపెనీ వారి కంప్యూటరునకు పంపును. మీరు గీచిన హద్దుకంచె చాలవరకు ఆ కంప్యూటరులోనే ఉండును. బండి లోపల ఉన్నదా, వెలుపల ఉన్నదా అని అది సరిచూచి మీకు కబురు పంపును.

కావున సెల్ ఫోను సంకేతము అందనిచోట కబురు ఆలస్యమగును. మంచి ట్రాకర్ ఆ సమయములో తెలిసిన చోటులను దాచుకొని, సంకేతము అందగానే అన్నింటిని ఒక్కసారిగా పంపును. అట్టి కబురు సాయంత్రము 7 గంటలకు వచ్చినను, బండి గీత దాటినది మధ్యాహ్నము 3 గంటలకు కావచ్చును. ఫోను మోగిన వేళను కాక, కబురులో వ్రాసియున్న వేళను చూడవలెను. డ్రైవరు మీద అనవసరముగా కోపగించుటకు ముందు ఈ సంగతి గుర్తుంచుకొనుడు.

లోపల, వెలుపల అని కంప్యూటరు ఎట్లు తేల్చును? మీ చేను మధ్య నిలువబడి తిన్నగా తూర్పునకు నడువుడు. మీ గట్టును ఒక్కసారి దాటి బయటపడుదురు. చేనికి పడమట బయట నిలిచి తూర్పునకు నడచినచో ఒకసారి లోనికి, ఒకసారి బయటికి, మొత్తము రెండుసార్లు దాటుదురు. గట్టు ఎన్ని వంకరలు తిరిగినను ఈ లెక్క తప్పదు. దాటిన సంఖ్య బేసి అయిన లోపల, సరి అయిన వెలుపల. కంప్యూటరు చేయునది ఇంతమాత్రమే. కంచె గుండ్రముగా గీచినచో ఇంకను సులువు. నడిమి నుండి బండి ఎంత దూరమున ఉన్నదో కొలిచిన చాలును.

కంచె ఎంత వెడల్పు ఉండవలెను

ఇచ్చటనే చాలమంది చిక్కుపడుదురు. 2000వ సంవత్సరము మే 2వ తేదీ వరకు అమెరికా ప్రభుత్వము సామాన్యుల వాడుకకు వదలిన సంకేతమును కావలెనని కొంత చెరిపి ఇచ్చుచుండెడిది. అప్పట్లో తప్పు 100 మీటర్ల వరకు ఉండెడిది. ఆనాటి నుండి ఆ చెరుపుట మానిరి. మన దేశపు నావిక్ ఉపగ్రహముల సంకేతమును కూడ వినగల పరికరములు ఇపుడు దొరకుచున్నవి. అయినను బండికి అమర్చు సామాన్య ట్రాకర్ చెప్పు చోటు బయలు పొలములో 5 మీటర్లు, ఒక్కొక్కపుడు 10 మీటర్లు అటునిటు ఉండును.

అరఎకరము చేను తీసికొనుడు. చదరముగా ఉన్నచో ఒక్కొక్క ప్రక్క సుమారు 45 మీటర్లు. నాలుగు ప్రక్కల 10 మీటర్ల చొప్పున అనుమానపు పట్టీ తీసివేసినచో నడుమ మిగులునది 25 మీటర్ల చదరము, అనగా చేనిలో మూడవ వంతు కూడ లేదు. ట్రాక్టరు మీ చేలో దమ్ము చేయుచుండగా ప్రక్కవారి చేలో ఉన్నదని ఫోను చెప్పును. గట్టు వెంబడి తిరిగిన ప్రతి సాలునకు "బయటికి పోయినది, లోనికి వచ్చినది" అని పది కబుర్లు వచ్చును. రెండు రోజులలో విసిగి ఫోను మోగకుండ నొక్కివేయుదురు. అంతటితో కంచె ఉండియు లేనట్లే.

అందువలన చేనుచేనుకు కంచె గీయవలదు. ఒక బోదె క్రింద నీరు పారు చేలన్నిటిని కలిపి ఒక కంచెగా గీయుడు. బోదె, పుంత, కాలువగట్టు, రోడ్డు ఇవి సహజముగా వచ్చు హద్దులు. వాటికి 20, 30 మీటర్లు ఎడముగా గీత ఉండవలెను. గుండ్రని కంచెకు 100 మీటర్ల వ్యాసార్ధము ఇచ్చినచో దానిలో సుమారు 7 ముప్పాతిక ఎకరములు ఇముడును. 200 మీటర్లు ఇచ్చినచో 31 ఎకరములు. వ్యాసార్ధము రెట్టింపైన విస్తీర్ణము నాలుగు రెట్లగునని మరువవలదు. షెడ్డుకు గుండ్రని కంచె చాలును. బోదె ఆయకట్టునకు మూలలతో గీచిన కంచెయే మేలు.

ఈ గీత సర్వే హద్దు కాదు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవరు పరికరములు సెంటీమీటర్ల లెక్కలో కొలుచును. ట్రాక్టరునకు కట్టిన ట్రాకర్ మీటర్లలో తప్పును. ఈ కంచెను చూపి గట్టు తగవు తీర్చబూనుట తగదు.

గీత దగ్గరి గందరగోళమునకు ఇంకొక ఉపాయము కలదు. బండి గీత దాటిన వెంటనే కాక, దాటి 5 నిమిషములు అక్కడనే ఉన్నపుడు మాత్రమే కబురు పంపుమని ఏర్పాటు చేయవచ్చును. రోడ్డు ప్రక్క కంచెలకు ఇది తప్పనిసరి. లేనిచో మడికి వైపు పోవుచు దారిలో ఒక ఆయకట్టును రాసుకొని పోయిన బండి, అక్కడ పని చేసినట్లు లెక్కకు వచ్చును.

కొబ్బరితోటలలో ఆకు దట్టముగా ఉన్నచోట సంకేతము తడబడి తప్పు మరికొంత పెరుగును. అట్టిచోట గీతను ఇంకను దూరముగా ఉంచుడు.

లంక కంచె

జొన్నాడ వంటి ఊరిలో హద్దుకంచె వలన కలుగు మేలులలో దీనిని నేను మొదట చెప్పుదును, అద్దె లెక్క తరువాతనే. చెముడులంక, బడుగువానిలంక ప్రాంతములలో ఏటిగట్టు లోపలి భూములకు ట్రాక్టర్లు దిగును, ఆయిలింజన్లు నెలల తరబడి అక్కడనే ఉండును. గోదావరికి వరద వచ్చు కాలమునకును సార్వా దమ్ముల కాలమునకును దూరము లేదు. ధవళేశ్వరము బ్యారేజి వద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇత్తురు. మొదటి హెచ్చరిక నాటికి ప్రవాహము సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినది. 1986 ఆగస్టులో వచ్చిన వరద అంతకంటెను పెద్దది.

ఏటిగట్టు లోపలి భూమినంతను ఒకే కంచెగా గీయుడు. లంక మాత్రమే కాదు, లంకకు దిగు బాటను కూడ కలుపుకొనవలెను. ఏలయన వరదలో లంక మునుగుటకు ముందే దిగుడు బాట మునుగును. లంక మెరక మీద బండి క్షేమముగా ఉన్నదని ధైర్యపడి కూర్చున్నచో, దానిని వెలుపలికి తెచ్చు దారి పోవును. జూలై నుండి సెప్టెంబరు వరకు, సాయంత్రము 6 గంటలకు ఈ కంచె లోపల ఏ యంత్రమున్నను కబురు రావలెనని ఏర్పాటు చేసికొనుడు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చినారని విన్నపుడే, ధవళేశ్వరము హెచ్చరిక కొరకు ఆగక, ఫోను తెరచి లోపల ఎన్ని యంత్రములున్నవో లెక్కించుడు. ఒకరి యంత్రములైనచో జ్ఞాపకముతోనే సరిపెట్టుకొనవచ్చును. సంఘము వారి ట్రాక్టరు, రెండు ఇంజన్లు, ఒక పవర్ టిల్లరు మూడు చోట్ల ఉన్నపుడు రాత్రివేళ జ్ఞాపకము చాలదు.

ఆయిలింజనుకు బ్యాటరీ ఉండదు గనుక తన బ్యాటరీ తనకున్న ట్రాకర్ కావలెను. అది నిమిష నిమిషమునకు చోటు పంపినచో బ్యాటరీ త్వరలో అయిపోవును. రోజుకు రెండుసార్లు పంపిన చాలును, ఇంజను తనంతట తాను నడచిపోదు కదా. పరికరమును ఇంజను వేడి తగలని చోట, పై ముఖము ఆకాశమునకు కనబడునట్లు బిగించుడు. ఇనుప రేకు క్రింద పెట్టినచో ఏమియు వినబడదు.

ఇంకొక మాట. గోదావరి ప్రతి వరదకును గట్టు కోయుచు, మేట వేయుచు ఉండును. ఫోనులోని పటము ఎన్నడో తీసిన చిత్రము కావచ్చును. పటములో భూమిగా కనబడు చోట నేడు నీరుండవచ్చును. లంక కంచెను ప్రతి సంవత్సరము వరదల అనంతరము, వీలైనచో గట్టు మీద నడచి చూచి, తిరిగి గీయవలెను.

అద్దె లెక్క

ట్రాకర్ ఎంత కాలమునకొకసారి చోటు పంపవలెను? రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగముతో పోవు ట్రాక్టరు నిమిషమునకు 400 మీటర్లకు పైగా పోవును. 5 నిమిషములకొకసారి పంపినచో రెండు పంపకముల నడుమ 2 కిలోమీటర్లు దాటిపోవును. అనగా వంతెన మొదట ఒక చిన్న కంచె గీచి కాపలా పెట్టినను, బండి ఆ కంచెలో అడుగుపెట్టి వెడలిన సంగతే తెలియకపోవచ్చును. బండి కదలునపుడు నిమిషమునకొకసారి, నిలిచియున్నపుడు అరగంటకొకసారి పంపుట మంచిది. వంతెన వద్ద చిన్న కంచె కంటె, వంతెనకు ఆవలి ప్రాంతమునంతను ఒక పెద్ద కంచెగా గీయుట నయము. అందులో ఒక్కసారి చోటు దొరకినను కబురు వచ్చును.

ఒక ఉదాహరణ చూతము. ట్రాక్టరు ఉదయము 6-40కి పినపళ్ల వైపు ఒక బోదె ఆయకట్టు కంచెలో ప్రవేశించి, 11-55కు బయటికి వచ్చినదనుకొనుడు. లోపల ఉన్నది 5 గంటల 15 నిమిషములు. తాళము తీగెకు కూడ ట్రాకర్ కలిపియున్నచో ఇంజను నడచినది 4 గంటల 30 నిమిషములని తెలియును. అందులో 35 నిమిషములు ఇంజను నడచుచుండగా చక్రములు కదలలేదు. దమ్ము చేసినది 3 గంటల 55 నిమిషములు. రైతు 4 గంటలు అనును, డ్రైవరు 5 గంటలు అనును. ఇద్దరును అబద్ధమాడుట లేదు. ఒకరు దున్నిన కాలము చెప్పినారు, ఒకరు చేలో గడిపిన కాలము చెప్పినారు. చేలోనికి నీరు అందక ఆగిన కాలమునకు అద్దె ఎవరు భరించవలెనను సంగతిని కంచె తేల్చదు. దానిని సీజను ముందే సంఘము కూర్చుని తీర్మానించి, పుస్తకములో వ్రాసికొనవలెను. ఈ తీర్మానము లేకుండ ట్రాకర్ కొన్నవారికి తగవులు తగ్గుటకు మారుగా పెరుగును, వాదించుటకు ఇరువురికిని క్రొత్త అంకెలు దొరకును గనుక.

ఎకరముల లెక్కను కూడ ఈ కంచె నుండి ఆశింపవలదు. దమ్ములో ట్రాక్టరు గంటకు 4 కిలోమీటర్లు నడచినచో నిమిషమునకు 67 మీటర్లు పోవును. ఎకరము చదరపు చేను ప్రక్క పొడవు ఇంచుమించు అంతే. ఒక సాలునకు ఒక చుక్క మాత్రమే పడును. ఆ చుక్కలను కలిపి ఎన్ని ఎకరములు దున్నినదో చెప్పుట సాధ్యము కాదు. అట్లు చెప్పగలమని అమ్మువారు ఎవరైనను అన్నచో మీ చేలోనే ఒకనాడు చూపించమనుడు.

రోటవేటరు, దమ్ముచక్రములు, తొట్టి వీటికి స్వంతముగా ఇంజను లేదు. ట్రాక్టరు షెడ్డులోనే ఉన్నదని ఫోను చెప్పుచుండగా రోటవేటరు వేరొకరి ట్రాక్టరు వెనుక పోయి ఉండవచ్చును. వీటికి చిన్న బిళ్లలు దొరకును. ట్రాక్టరులోని ట్రాకర్ దగ్గరగా ఉన్న బిళ్లను గుర్తించి, ఏ పనిముట్టు తగిలించి ఉన్నదో చెప్పును. దమ్ము బురదలో ఈ బిళ్లలు ఊడిపోవుట కలదు. కావున నాగటి చట్రముపై, బురద చిందని వైపున, స్క్రూలతో బిగింపుడు.

ఇంజను ఆపు ఏర్పాటును గూర్చి హెచ్చరిక

కొన్ని ట్రాకర్లలో ఫోను నుండియే ఇంజను ఆపు ఏర్పాటు కలదు. కంచె దాటగానే దానంతట అదే ఇంజను ఆగునట్లు కూడ చేయవచ్చునని చెప్పుదురు. అట్లు ఎన్నడును చేయవలదు. చోటు తప్పు పడుట మనము పైన చూచితిమి. లారీలు, బస్సులు తెరిపి లేక పోవు జాతీయ రహదారి వంతెన నడుమ, వెనుక తొట్టి నిండుగా ఉన్న ట్రాక్టరు హఠాత్తుగా ఆగినచో ఏమగునో ఊహించుకొనుడు. ఏటిగట్టు ఎక్కుచుండగా ఆగినను అంతే. రాత్రి షెడ్డులో నిలిపిన బండి తిరిగి స్టార్టు కాకుండ ఉంచుటకు మాత్రమే ఆ ఏర్పాటును వాడుకొనుడు.

మందు చల్లు డ్రోను సంగతి వేరు. దానికి హద్దుకంచె యంత్రములోనే ఉండి, గీత వద్ద దానిని గాలిలో నిలిపివేయగలదు. 2021వ సంవత్సరపు డ్రోను నియమముల ప్రకారము ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినారు. డ్రోను అద్దెకు పిలుచువారు తమ పొలము ఏ మండలములో ఉన్నదో నడుపువానిని అడిగి తెలిసికొనవలెను. చేను హద్దులో కంచె గీయించినచో మందు ప్రక్కవారి చేపల చెరువు మీద పడకుండ కొంత కాపుదల కలుగును. గాలికి కొట్టుకొనిపోవు మందును మాత్రము ఏ కంచెయు ఆపదు.

దొంగతనమును గూర్చి కూడ ఒక మాట. 2022లో యుక్రెయిను దేశములోని మెలిటొపోల్ నగరమున ఒక దుకాణము నుండి కోత యంత్రములను, ట్రాక్టర్లను రష్యా సైనికులు తరలించుకొని పోయినారని వార్తలు వచ్చినవి. అవి పోవుచున్న దారిని జి.పి.యస్. ద్వారా యజమానులు చూచుచునే ఉండిరి. దూరము నుండియే వాటిని పని చేయకుండ బిగించివేసిరి. అయినను అవి వందల మైళ్ల దూరముననున్న చెచెన్యా ప్రాంతము చేరినవి. బండి ఎచ్చటనున్నదో తెలిసినను వెళ్లి తెచ్చుకొను శక్తి వేరుగా కావలెను. మనకు ఆ శక్తి పోలీసు స్టేషనులో ఇచ్చు ఫిర్యాదు. బండి నంబరు, చాసిస్ నంబరు, ట్రాకర్ నంబరు ఒక కాగితము మీద వ్రాసి ఇంటిలో ఉంచుకొనుడు. రాత్రి కబురు వచ్చినపుడు వెదకుకొన నక్కరలేదు.

డ్రైవరునకు ముందుగా చెప్పుడు

ట్రాకర్ ను డ్రైవరునకు తెలియకుండ దాచి బిగించుట కొందరు తెలివి అనుకొందురు. ఆ సంగతి ఒక వారములో బయటపడును, మంచి డ్రైవరు పని మానుకొని పోవును. సార్వా దమ్ములలో దమ్ముచక్రముల మీద చేయి తిరిగిన డ్రైవరు దొరకుట ఎంత కష్టమో మీకు తెలియును. కంచెలను అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని గీయుడు. ఏ పుంత ఎక్కడ మలుపు తిరుగునో, వాన కురిసినపుడు ఏ దారి వదలి ఏ దారిన పోవలెనో అతనికే బాగుగా తెలియును. అతడు చెప్పిన దారిని కంచెలో కలిపినచో అనవసరపు కబుర్లు సగము తగ్గును. నెల లెక్క అతనికి కూడ చూపుడు. రాత్రి 9 గంటల వరకు కోత యంత్రము నడపినాడనుటకు ఆ లెక్కయే అతనికి ఆధారము, అదనపు కూలి అడుగుటకు దారి. పని వేళ ముగిసి బండి షెడ్డు చేరిన తరువాత అతడు ఎచ్చట తిరుగుచున్నాడను విచారణ మనకు అక్కరలేదు.

మొదట ఒక్క ట్రాక్టరుతో, నాలుగు కంచెలతో ప్రారంభించుడు: షెడ్డు, ఒక బోదె ఆయకట్టు, లంక, వంతెన ఆవల. ఒక దాళ్వా గడచిన పిమ్మట, ఏ కబురు పనికివచ్చినదో, ఏది ఊరక విసిగించినదో చూచి మిగిలిన యంత్రములకు విస్తరింపుడు. వేసవిలో కాలువలు కట్టి యంత్రములు షెడ్డు చేరినపుడు ట్రాకర్ తీగెలను ఎలుకలు కొరికినవేమో చూడుడు, ఫ్యూజు పరీక్షించుడు. సిమ్ కార్డునకు కట్టవలసిన సొమ్ము జూన్ నెలలో ముగిసిపోకుండ ముందే కట్టి, లంకలోని ఇంజన్ల ట్రాకర్లకు బ్యాటరీలు మార్చి, సాయంత్రము 6 గంటల కబురు వచ్చుచున్నదో లేదో ఒకసారి బండిని గట్టు దింపి చూచుకొనుడు.